స్పానిష్‌కి తెరవని గేటు

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఆ వెనక కూర్చున్నవాళ్ళు కూడా ముందుకు రండి. చేతుల్లో ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఈ కథ వాటి గురించే, అవి వింటే ఉలిక్కిపడి మోగుతాయి. మన దీవిలో లా ఫ్లోర్ కొండ మీద ఇమెల్డా మార్కానో తన గేటుకి తానే తాళం వేసుకుని, తాళంచెవి ఎక్కడుందో తెలియక తిప్పలు పడిన కథ ఇది. తాళమంటే ఇనుప తాళం కాదు. ఒక్క బొటనవేలితో ఫోను మీద వేసుకున్న తాళం.

ఇమెల్డాని ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ టాంటీ అనే పిలిచేవారు. అరవై దాటినా నిటారుగా నడిచేది. గొంతు మాత్రం ఎప్పుడూ మనిషికంటే ఒక అడుగు ముందు నడిచేది. కొండ దిగువన టాక్సీ స్టాండు దగ్గర, పసుపు గొడుగు కింద, పొద్దున్నే మూకుడు పెట్టేది. పిండి బిళ్ళల్ని నూనెలో పొంగించి, మధ్యకి చీల్చి, ఉప్పుచేప కూరి అమ్మేది. ఆ రొట్టె తినకుండా లా ఫ్లోర్‌లో ఎవరూ ఉద్యోగానికి పోలేదు, కోర్టుకి పోలేదు, ఆస్పత్రికి కూడా పోలేదు. మొగుడు కత్‌బర్ట్ పోయాక ఆ మూకుడే ఆవిడకి తోడు.

రోడ్డుకి ఇటు ఇమెల్డా ఇల్లు, అటు అన్న ఆన్సెల్మ్ ఇల్లు. ఈయన దగ్గితే ఆవిడకి వినిపిస్తుంది, ఆవిడ ఉల్లిపాయలు వేయిస్తే ఈయన ముక్కు తెలుసుకుంటుంది. అంత దగ్గరగా ఉన్న అన్నాచెల్లెళ్ళు, దేశం సంగతులు మాత్రం ఫోన్లోనే మాట్లాడుకునేవారు. మొదట ఆన్సెల్మ్‌కి కూతురు తన పాత ఫోను ఇచ్చింది. అన్నకుంటే నాకెందుకుండదని ఇమెల్డా అరీమా పట్నం పోయి ఒకటి కొనుక్కుంది. అప్పట్నించి ఊరి ఫేస్‌బుక్ పేజీలో వీళ్ళిద్దరి మాటలే. ఈయన వరండాలో కూర్చుని టకటకా రాస్తే, ఎదురు వరండాలో ఆవిడ ఫోను టింగుమనేది. ఆవిడ తలెత్తి చూసేది కాదు, ఈయనా చూసేవాడు కాదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆ మొహం, ఈ మొహం చూసి, ఎవరిది పైచేయిగా ఉందో చెప్పేసేవారు.

ఆ ఏడు దేశమంతా ఒకటే మాట. పడవల మీద వెనిజులా నుంచి వచ్చినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన పని కార్డులు మళ్ళీ పొడిగించాలా, వద్దా అని. ఉండనివ్వాలని ఆన్సెల్మ్. కోకో తోటల్లో కాయ కోసే చేతులు వాళ్ళవేనని, వాళ్ళు పోతే కాయలు చెట్టునే ఎండిపోతాయని రాసేవాడు. ముందు ఇంట్లోవాళ్ళకి అన్నం పెట్టి తర్వాత బయటివాళ్ళ సంగతి చూడాలని ఇమెల్డా. ఇళ్ళ అద్దెలు పెరిగాయని, కింద సరుకుల కొట్టువాడు మనవాళ్ళని మాన్పించి సగం జీతానికి వాళ్ళని పెట్టుకున్నాడని రాసేది. అందులో అబద్ధం లేదు, అలా జరిగింది. అయితే తిట్టాల్సింది కొట్టువాణ్ణి కదా అని అన్న. కొట్టువాణ్ణీ తిడతా, నీకేం నొప్పి అని చెల్లెలు. ఇలా సాగేది.

కానీ చట్టం, సరిహద్దు, దేశ భద్రత అని ఎంత పెద్ద మాటలు రాసినా, ఇమెల్డా కంటి ముందు కనపడేది సముద్రం కాదు, టాక్సీ స్టాండు రోడ్డు. ఆ రోడ్డుకి అవతల పక్క ఒక నీలం గొడుగు వెలిసింది. దాని కింద యోలిమార్ అనే వెనిజులా పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి, జుట్టు నడినెత్తిన ముడేసుకుని ఎంపనాదలు వేయించేది. మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, నూనెలో వేస్తే ఆ వాసన రోడ్డు దాటి వచ్చేది. మొదట టాక్సీ డ్రైవర్లు ఒక్కసారి రుచి చూసొస్తాం టాంటీ అని వెళ్ళారు. రుచి చూడటానికి అంత సేపెందుకు పట్టిందో ఇమెల్డా అడగలేదు. తర్వాత వాళ్ళు చెప్పకుండానే వెళ్ళడం మొదలెట్టారు. ఈ ముక్క మాత్రం ఆవిడ ఫేస్‌బుక్‌లో ఎన్నడూ రాయలేదు. రాయకపోయినా ఊరందరికీ తెలుసు.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం వాదన బాగా ముదిరింది. మన నాయనమ్మ ఏ ఒడ్డు నుంచి పడవెక్కి వచ్చిందో మర్చిపోయావా అని ఆన్సెల్మ్ రాశాడు. నాయనమ్మ సంగతి వేరని ఆవిడ రాసింది. ఎలా వేరన్నాడు. ముందొచ్చింది అంది. దేనికి ముందన్నాడు.  ఇమెల్డా ఆవేశంలో, ఫేస్‌బుక్‌కి ముందు, అని రాసేసింది.

ఇంకేముంది, ఊరూ వాడా పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. ఎదురు వరండాలో ఆన్సెల్మ్ నవ్వు ఫోన్లోంచి కాదు, తిన్నగా గాల్లోంచే వినిపించింది. అది ఆవిడకి గుండెలో ముల్లులా దిగింది. కోపంలో మనిషి గిన్నె విసిరితే సొట్ట పడుతుంది, తర్వాత సరిచేసుకోవచ్చు. ఇమెల్డా గిన్నె విసరలేదు. ఫోను తీసి ఇలా రాసింది: “నా గేటు దగ్గర నిలబడి స్పానిష్‌లో నోరు విప్పినవాళ్ళు ఎవరైనా సరే, నేను తలుపు తియ్యను. ఇది నా మాట.”

రాసి, ఫోను దిండు కింద పెట్టి పడుకుంది.

పొద్దున లేచి చూస్తే, ఆవిడ ఎరగని ఊళ్ళవాళ్ళు, ఎరగని పేర్లవాళ్ళు వందలమంది మెచ్చుకున్నారు. శభాష్ టాంటీ అన్నారు, మీలాంటివాళ్ళే దేశానికి కావాలన్నారు. న్యూయార్కులో ఉండనిచ్చే కార్డు కోసం తామే లైన్లో నిలబడ్డ మన దేశంవాళ్ళు కూడా, మన గేట్లు మూసుకోవాలి టాంటీ అని రాశారు. జెండా బొమ్మ పెట్టుకున్నవాడొకడు, మొహం లేదు పేరు లేదు, ఒక్క అంగుళం కూడా తగ్గొద్దన్నాడు. ఇమెల్డా ఆ రోజు పిండి పిసుకుతూ కూనిరాగం తీసింది.

అన్నింటికీ అడుగున ఆన్సెల్మ్ రాసినది ఒకటుంది. “అలాగే చెల్లీ. నీ గేటు, నీ ఇష్టం. మన పాటల బృందానికి చెప్తాను.” ఆవిడ అది చదివింది గానీ తలకెక్కలేదు.

తలకెక్కించింది ఒటీలీ. చిన్నప్పట్నించీ స్నేహితురాలు, ఇమెల్డా రొట్టె తినకుండా పొద్దు గడపని మనిషి. తన ఇంటి వెనక గది యోలిమార్‌కే అద్దెకిచ్చింది, అయినా స్నేహం స్నేహమే. ఒటీలీ రొట్టె సగం తిని, వేళ్ళు నాక్కుని, నెమ్మదిగా అడిగింది.

“ఒసే ఇమెల్డా, ఇది ఏ నెలే?”

“డిసెంబరు. ఏం?”

“మీ అన్నావాళ్ళు నీ గేటు దగ్గరికొచ్చి ఏ భాషలో పాడతారే?”

మూకుట్లో రొట్టె మాడింది. ఇమెల్డా చేతి కింద రొట్టె మాడటం ఊరు చూడటం అదే మొదటిసారి.

పరాంగ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు, అయినా కథకి కావాలి కాబట్టి చెప్తా. క్రిస్మస్ ముందు ఆదివారం పూజ అయ్యాక, బృందం నాలుగు తీగల క్వాత్రో మీటుకుంటూ, వయొలిను సాగదీసుకుంటూ ఇంటింటికీ వస్తుంది. గేటు దగ్గర నిలబడి తలుపు తియ్యమనే పాట పాడుతుంది. పాడితే తలుపు తియ్యాల్సిందే, పాడకపోతే లోపలికి అడుగు పెట్టకూడదు. ఇంటివాళ్ళు తమంతట తాము పిలవకూడదు. ఆ పాటలన్నీ స్పానిష్‌లోనే. నాయనమ్మ తెచ్చింది, నాన్న ఏసేబియో నేర్చాడు, నాన్న దగ్గర పిల్లలు చెవితో పట్టుకున్నారు. మాట మాటకీ అర్థం ఆన్సెల్మ్‌కీ తెలీదు, ఇమెల్డాకీ తెలీదు. ఇక్కడ మరియమ్మ తల్లి, ఇక్కడ నక్షత్రం, ఇక్కడ తలుపు అని మాత్రం తెలుసు. అది చాలేది.

ఏటేటా మొదటి పాట పడేది నాన్న కట్టిన ఆ ఇంటి గేటు దగ్గరే, అంటే ఇమెల్డా గేటు దగ్గర. అక్కడ తిని, తాగి, మేకుకి వేలాడే నాన్న చాక్‌చాక్‌లు, ఆ గింజల బుర్రలు రెండూ ఇమెల్డా చేతికి తీసుకుంటే, అప్పుడు బృందం పూర్తయ్యేది. ఆవిడ చేతిలో అవి మోగకపోతే ఆన్సెల్మ్ పాట ఉప్పులేని పప్పు.

బృందం పాడకుండా దాటిపోయే ఇల్లు ఒక్కటే ఉంటుంది. ఆ ఏడు చావు జరిగిన ఇల్లు. కత్‌బర్ట్ పోయిన ఏడు వాళ్ళు ఆమె గేటు ముందు టోపీలు తీసి, తీగల మీద చెయ్యేసి, చప్పుడు లేకుండా దాటిపోయారు. ఆ చప్పుడు లేకపోవడం ఇమెల్డా చెవుల్లో ఇంకా ఉంది. మనుషులంతా బతికుండగా ఈ ఏడు మళ్ళీ అలా దాటిపోతే ఎలా ఉంటుందో, ఆ మాడిన రొట్టె వాసనలో ఆవిడకి అర్థమైంది.

రాసింది తుడిచెయ్యవే అంది ఒటీలీ. తుడిస్తే ఓడినట్టు అంది ఇమెల్డా. పైగా తుడిచినా లాభం లేదు, ఊరందరూ దాన్ని ఫోటో తీసి దాచుకున్నారు. తర్వాత ఒటీలీ చేత కబురు పంపింది, ఈ ఒక్కసారికి ఇంగ్లీషులో పాడమని. ఆన్సెల్మ్ కడుపు పట్టుకుని నవ్వి, మరియమ్మ తల్లి ఇంగ్లీషులో వస్తే ఏసేబియో సమాధిలోంచి లేచి తన క్వాత్రో తాను తీసుకుపోతాడని తిరుగు కబురు పంపాడు.

అప్పుడు ఇమెల్డా ఫేస్‌బుక్‌లోకే మళ్ళీ దిగింది. పరాంగ్ స్పానిష్ కాదు, పరాంగ్ మనది, అని రాసింది. ఊరి గొడవ దేశం గొడవైంది. మనదే అని కొందరు, వాళ్ళదే అని కొందరు, అసలు మనమెవరం అని ఒకాయన. రాజధానిలో మాస్టారొకాయన ఎంత పొడుగు కామెంటు రాశాడంటే, చివరిదాకా చదివినవాళ్ళు ఇప్పటికీ దొరకలేదు. మనదైతే అర్థం చెప్పు చెల్లీ అని ఆన్సెల్మ్ రాశాడు. నువ్వు చెప్పు అన్నా అని ఆవిడ రాసింది. 

ఇలా రోజులు గడిచి, పరాంగ్ ఆదివారానికి ముందు శనివారం వచ్చింది. పండక్కి పాస్తెల్ చెయ్యాలంటే మొక్కజొన్న పిండి ఒత్తే చెక్క మర ఇమెల్డా ఇంట్లో, చుట్టడానికి అరటాకులు ఆన్సెల్మ్ పెరట్లో. ఏటా ఆయనే ఆకుల్ని మంట మీద వాడ్చి తెచ్చి, పక్కన కూర్చుని, చెల్లెలు చుట్టినవాటికి దారం కట్టేవాడు. పొద్దున ఇమెల్డా తలుపు తీసేసరికి గేటుకి ఆకుల కట్ట వేలాడుతోంది. చక్కగా వాడ్చి, ఈనెలు తీసి, తడిగుడ్డ చుట్టి ఉంది. ఆన్సెల్మ్ మాత్రం ఎదురు వరండాలో వీపు తిప్పుకుని కూర్చున్నాడు. వస్తున్నామని చెప్పినట్టా, ఇదే ఆఖరని చెప్పినట్టా? ఆవిడకి అంతుపట్టలేదు. అయినా మర దించింది. మాంసం ఉడికించి, ఆలివ్ కాయలు, కిస్‌మిస్ వేసి, పొద్దల్లా ఒంటరిగా ఒత్తింది, ఒంటరిగా చుట్టింది, ఒంటరిగా దారం కట్టింది. ఎర్ర గోంగూర కాయల పానీయం వడకట్టింది, అల్లం బీరు సీసాల్లో పోసింది, రమ్ములో నానిన నల్ల కేకు కోసింది. ఎవరికే ఇదంతా అని ఒటీలీ గోడ మీంచి అడిగితే, నాకే, నాకు ఆకలెక్కువ, అంది.

ఆదివారం మధ్యాహ్నం ఎండ కాస్త వాలింది. కింద మలుపులో క్వాత్రో శ్రుతి చేస్తున్న చప్పుడు వినపడగానే ఇమెల్డా కర్టెను వెనక్కి చేరింది. ముందు ఆన్సెల్మ్, గడ్డి టోపీ పెట్టుకుని. పక్కన వయొలిను ఫిట్జ్‌రాయ్, మోకాళ్ళ నొప్పులతో కుంటుతూ. వెనక పెట్టె వాయించేవాడు, పాడేవాళ్ళు, వాళ్ళ వెనక ఊరు. ఊరంతా వచ్చింది, పాట కోసం సగం, తమాషా కోసం సగం. చివర్లో ఒటీలీ. మీ వైపు పాటలే, రా విందువుగాని, అని ఆమె లాక్కొస్తే వచ్చిన యోలిమార్ ఆమె పక్కన.

బృందం గేటు దగ్గర ఆగింది. పాడలేదు. ఆన్సెల్మ్ జేబులోంచి ఫోను తీశాడు. ఇంట్లో ఇమెల్డా చేతిలో ఫోను టింగుమంది.

గేటు దగ్గర ఉన్నాం, పాడమంటావా, అని ఊరి పేజీలో రాశాడు. నేను పిలవకూడదు, ఆచారం, అని ఆవిడ ఒక్క వేలితో వెతుక్కుంటూ రాసింది. మేం పాడితే నువ్వు తియ్యకూడదు, ఫేస్‌బుక్, అని ఆయన. ఎండలో నిలబడకండి, అని ఆవిడ. నీడ నీ వరండాలో ఉంది, అని ఆయన. పదడుగుల దూరంలో నిలబడి ఇద్దరూ ఇలా రాసుకుంటుంటే, గేటు బయట జనం ఒక్కొక్క మాటా చదివి వెనకవాళ్ళకి వినిపిస్తున్నారు. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో మధ్యలో దూరారు. తగ్గొద్దు టాంటీ, అని జెండా బొమ్మవాడు మళ్ళీ వచ్చాడు.

ఫిట్జ్‌రాయ్‌కి కాళ్ళు పీకుతున్నాయి. “ఆన్సెల్మ్, నా మోకాళ్ళకి ఫేస్‌బుక్ లేదు నాయనా,” అన్నాడు. “తేల్చండి. లేదంటే పక్కింటికి పోదాం.”

ఆన్సెల్మ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. గేటు వంక, నాన్న వేసిన ఆ ఆకుపచ్చ గేటు వంక కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. చెమట తుడుచుకోవడానికేనని ఆయన తర్వాత ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు.

ఇమెల్డాకి ఆ టోపీ కనపడింది. అంతే, చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి వచ్చేసింది.

“టోపీ పెట్టుకో అన్నయ్యా. ఈ ఇంట్లో ఎవరూ పోలేదు.”

ఇన్ని రోజుల్లో అన్నతో ఆవిడ నోటితో అన్న మొదటి మాట అది. ఆన్సెల్మ్ టోపీ పెట్టుకున్నాడు.

“మరి పాడమంటావా?”

“పాడితే తియ్యనని రాశాను కదా.”

“తుడిచెయ్యవే.”

“తుడవను. రాసింది నేనే, దాచుకోను.”

“నాన్న పాట స్పానిష్‌లోనే ఉందే తల్లీ. నన్నేం చెయ్యమంటావు?”

 వెనక ఉన్న యోలిమార్ ఒటీలీ చెవిలో ఏదో అడిగింది, ఒటీలీ ఏదో చెప్పింది. గొడవ ఎందుకో, గేటు ఎందుకు మూసుందో, ఆ రాతలో మాటేమిటో, అంతా చెప్పింది. యోలిమార్ మొహం కొంచెం ఎర్రబడింది. వెళ్ళిపోతుందేమో అనుకున్నారు పక్కవాళ్ళు. వెళ్ళలేదు. జనాన్ని తప్పించుకుంటూ గేటు దాకా వచ్చింది.

“సెన్యోర్, మీరు ఒక్కసారి పాడండి. తలుపు కోసం కాదు, నా కోసం. స్పానిష్ అవునో కాదో నేను విని చెప్తాను. నా భాష నాకు తెలుస్తుంది కదా.”

ఇది బాగానే ఉందన్నారు జనం. ఆన్సెల్మ్ క్వాత్రో ఎత్తాడు. ఫిట్జ్‌రాయ్ గడ్డం కింద వయొలిను పెట్టాడు. పాట లేచింది. చాక్‌చాక్ లేదు, ఆ లోటు వినపడుతూనే ఉంది. లోపల మేకుకి వేలాడుతున్నవి ఎవరూ తాకకుండానే మోగినట్టు ఇమెల్డాకి అనిపించింది. కుడి చెయ్యి తనకి తానే తాళం వేస్తోంది. ఆ చేతిని ఎడమ చేత్తో పట్టుకుని యోలిమార్ వంక చూసింది.

యోలిమార్ తల పక్కకి వంచి వింటోంది. మొదటి చరణంలో కనుబొమలు ముడిపడ్డాయి, అరిగిపోయిన నాణెం మీద బొమ్మ వెతుక్కుంటున్నట్టు. రెండో చరణంలో ముడి విడిపోయింది. తలుపు మాట వచ్చే చోటికి ఆమె పెదవులు కదిలాయి. పాటకంటే ఒక అరక్షణం ముందే కదిలాయి. ఆమెకి ఆ పాట తెలుసు. ఎప్పుడో ఎవరో ముసలమ్మ ఒళ్ళో విన్నట్టు తెలుసు. పక్కనున్న ఒటీలీ చూసింది, ఎదురుగా వరండాలో ఉన్న ఇమెల్డా కూడా చూసింది.

పాట అయిపోయింది. జనమంతా యోలిమార్ వంక తిరిగారు. ఆమె కళ్ళు చేత్తో తుడుచుకుని, తల అడ్డంగా ఊపింది.

“ఇది మా స్పానిష్ కాదు సెన్యోరా. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇది మీ ఊరి భాషే. మీరు తలుపు తీసుకోవచ్చు.”

హమ్మయ్య అన్నారు జనం. కొందరు చప్పట్లు కొట్టారు. ఆన్సెల్మ్ మొహం విప్పారింది. తాళంచెవి దొరికింది, ఇక ఇమెల్డా తీసుకుని తిప్పడమే. ఎవరి మాటా పోదు, రాత రాతగానే ఉంటుంది, గేటు తెరుచుకుంటుంది.

ఇమెల్డా మెట్లు దిగింది. ఉత్తి కాళ్ళతో గచ్చు దాటి గేటు దాకా వచ్చి, గడియ మీద చెయ్యేసి ఆగింది. ఒక పరాయి పిల్ల, తన రొట్టెల బేరం పట్టుకుపోయిన పిల్ల, తన గేటు తెరుచుకోవడం కోసం ఊరందరి ముందూ తన భాష తనకి తెలియదంది. తలుపు తియ్యనని తాను రాసింది ఆ పిల్ల లాంటివాళ్ళకే.  

“పండగ పూట అబద్ధాలాడకే పిల్లా. నీ పెదాలు నేను చూశాను.” తర్వాత జనం వంక తిరిగి గొంతు పెంచింది. “వాళ్ళు పాడింది స్పానిష్. నేను తీస్తున్నాను. పాట పాడాక తలుపు తియ్యాలి, అది ఫేస్‌బుక్‌కంటే పాతది. ఫోటోలు తీసుకునేవాళ్ళు ఇప్పుడు తీసుకోండి.”

గడియ తీసింది. ఆకుపచ్చ గేటు కిర్రుమని తెరుచుకుంది.

ఆ తర్వాత వచ్చిన కేకలు కింద టాక్సీ స్టాండు దాకా వినపడ్డాయని చెప్పుకుంటారు. జనం జనమంతా లోపలికి తోసుకొచ్చారు. యోలిమార్ మాత్రం గేటు బయటే ఉండిపోయింది. ఇమెల్డా ఆమెని చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

“నిన్ను విడిగా పిలవాలా? పాటతో వచ్చినవాళ్ళలో ఏరేది లేదు ఈ ఇంట్లో. లోపలికి రా, ఈగలొస్తాయి.”

యోలిమార్ వచ్చింది. చేతిలో పాస్తెల్ పెడితే, దారం విప్పి, అరటాకు తెరిచి, ఒక్కసారిగా నవ్వింది. ఇది మా ఇంట్లో క్రిస్మస్‌కి చేసే హయాకాయే, మా అమ్మా ఇదే చేస్తుంది అంది. కాకపోతే ఇంత చిన్నదా అని అడిగింది. ఇమెల్డా కనుబొమలు పైకి లేచాయి. అన్నాచెల్లెళ్ళు రాజీ పడ్డారని సంతోషిస్తున్న ఫిట్జ్‌రాయ్, ఇక్కడ రెండో యుద్ధం మొదలైందేమో అనుకుని తన పళ్ళెం పట్టుకుని పక్కకి జరిగాడు.

“ఇంకోటి తిను,” అంది ఇమెల్డా. “రెండూ కలిస్తే పెద్దదవుతుంది.”

యోలిమార్ ఇంకో రెండు తింది. కిస్‌మిస్ ఎక్కువైందని కూడా అంది. తన వంటకి వంక పెట్టినవాళ్ళని ఇమెల్డా ఆ రోజు దాకా క్షమించలేదు. ఆ రోజు కూడా క్షమించలేదు, కానీ ఆ పిల్ల పళ్ళెంలో కేకు ముక్క పెద్దది వేసింది. ఆన్సెల్మ్ పక్కనే నిలబడి, దారాలు ఎవరు కట్టారే, అన్నీ వదులైపోయాయి, అని సణిగాడు. పక్కన కూర్చుని కట్టాల్సినవాడు వీపు తిప్పుకుని కూర్చుంటే అంతే, అని ఆవిడ అంది. ఆయన మేకు దగ్గరికి పోయి, నాన్న చాక్‌చాక్‌లు దించి, ధూళి ఊది, చెల్లెలి చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం కొండ మీద ఏ ఇంట్లోవాళ్ళూ తలుపు తియ్యడానికి రెండో చరణం దాకా ఆగలేదు. పాటలన్నిట్లోనూ ఆన్సెల్మ్‌కి తెలియని మాటలు యోలిమార్ ఆయన చెవిలో చెప్తూ వచ్చిందట. సగం చోట్ల అసలు మాటే వేరట. ఆయన విని, తల ఊపి, నాన్న పాడినట్టే పాడాడు.

మర్నాడు ఒటీలీ ఆ విందు ఫోటో పేజీలో పెట్టింది. అందులో ఇమెల్డా, యోలిమార్ పక్కపక్కన, ఇద్దరి నోళ్ళూ నిండుగా ఉన్నాయి. వెంటనే జెండా బొమ్మవాడు దిగాడు. సిగ్గులేదా టాంటీ, వాళ్ళని ఇంట్లోకి రానిస్తావా, ఆ ఆడదాన్ని ముందు బయటికి తొయ్యి, అని రాశాడు. ఇమెల్డా రొట్టెలు వేయిస్తూనే, పిండి చేత్తోనే జవాబు రాసింది. ఫోను మీద ఆ పిండి మరక చాలాకాలం ఉంది.

“నా గేటు సంగతి నేను చూసుకుంటా. నువ్వెవరు నాయనా? నీకు పాడటం వచ్చా? వస్తే రా, తీస్తా. రాకపోతే పక్కకి జరుగు.”

ఆవిడ మారిపోయిందని మాత్రం అనుకోకండి. కార్డుల సంగతి వేరు, గేటు సంగతి వేరు అనేది. ఆ వారంలోనే కార్డుల గురించి అన్నతో మళ్ళీ మొదలెట్టింది, అద్దెల గురించి రాసింది, కొట్టువాణ్ణి పేరుపెట్టి తిట్టింది. ఈసారి ఇంకో తేడా ఉంది. కోపం మరీ ఎక్కువైతే ఫోను పక్కన పెట్టి, రోడ్డు దాటి అన్న వరండాలోకి పోయి, ఆ మాట మొహం మీదే అనేది. అలా అంటే మధ్యలో కాఫీ కూడా దొరికేది. పొద్దున టాక్సీ స్టాండులో పసుపు గొడుగు ఇటే ఉంది, నీలం గొడుగు అటే ఉంది. డ్రైవర్లు ఇక్కడో రొట్టె, అక్కడో ఎంపనాద తిని, పొట్టలు పట్టుకుని తిరిగారు. కిస్‌మిస్ గురించి ఆడవాళ్ళిద్దరూ రోడ్డుకి అటూ ఇటూ నిలబడి కేకలేసుకుంటుంటే, టాక్సీలే ఆగి దారిచ్చేవి.

ఇదమ్మా కథ. మీరు మర్చిపోకండి. రేపు మీ ఇళ్ళల్లో ఎవరైనా ఫోను పట్టుకుని, పళ్ళు కొరుకుతూ, గేటు మూసే మాట రాయబోతుంటే, ఒక్క నిమిషం ఆపి ఇమెల్డా సంగతి చెప్పండి. ముందు ఇది ఏ నెలో చూసుకోమనండి.